మీకు తెలుసా? మనోనిబ్బరానికీ ఓ కొలత ఉంది!

ఇజ్రాయెల్‌లో మెనోపాజ్ దశలోని మహిళలపై అధ్యయనం చేస్తున్న సామాజిక శాస్త్రవేత్త ఆరన్ ఆంటొనోవ్‌స్కీని 1970లో ఓ అంకె ఆశ్చర్యపరిచింది. నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడ్డవారిలో 29 శాతం మంది మానసికంగా బాగానే ఉన్నారు! శిబిరాల బారిన పడనివారిలో అది 51 శాతం. మిగతావాళ్లు ఎందుకు కుంగిపోయారని కాక, ఈ 29 శాతం ఎలా నిలబడ్డారని ఆయన ఆరా తీశారు. చివరికి తేలినవి మూడు:

● జరుగుతున్నది అర్థమవడం
● తట్టుకునే దారులున్నాయన్న ధీమా
● బతుకులో పాటుపడదగ్గది ఉందన్న నమ్మకం

ఈ మూడూ కలిస్తే ‘సెన్స్ ఆఫ్ కోహెరెన్స్’. దీన్ని కొలవడానికి ఆయన 29 ప్రశ్నల పట్టిక తయారుచేశారు. 13 ప్రశ్నల పొట్టి పట్టికా ఉంది. ఈ స్కోరు ఎక్కువున్నవారిలో కుంగుబాటు, ఆందోళన తక్కువని పలు అధ్యయనాలు చెబుతున్నాయి. మూడింట్లో మూడోదే కీలకమన్నది ఆంటొనోవ్‌స్కీ మాట.