పశువుల కొట్టపు నేలను బాగుచేసికొను విధము

ఇంటి మరమ్మతు తలపెట్టిన రైతు మొదట గోడలకు సున్నము కొట్టించును, పిమ్మట కప్పు బాగుచేయించును, సొమ్ము మిగిలినచో తలుపులకు రంగు వేయించును. పశువుల కొట్టము మాత్రము తాతలనాటి స్థితియందే యుండును. అయినను ఇంటి మరమ్మతులలో పెట్టిన సొమ్మును పొలము ద్వారా తిరిగి రప్పించునది కొట్టపు నేలయే. వర్షములకు ముందుగా చేసికొనదగిన ఈ స్వల్పకార్యమును గూర్చి పట్టాదారులకు తెలియజేయుటకై ఈ కరపత్రము వ్రాయబడినది.

మూత్రము విలువ

పేడ విలువను రైతు ఎరుగును. మూత్రము నేలలో నింకిపోవుటచే దాని నెవ్వరును లెక్కింపరు. పైరు పెరుగుటకు ముఖ్యమైన నత్రజని పచ్చిపేడయందు నూటికి సుమారు 0.4 వంతు మాత్రమే యుండగా, మూత్రమునందు సుమారు 1 వంతు కలదు. పొటాషు కూడ మూత్రమునందే హెచ్చు. భాస్వరము పేడయందున్నది. కావున రెండును కలిసిననే ఎరువు పూర్ణమగును. అంగడిలో రొక్కమిచ్చి కొను యూరియా యను పదార్థమే మూత్రమునందు సహజముగా నున్నది.

ఒక్కొక్క పశువు దినమునకు 5 లీటర్ల మూత్రము విడుచుననియు, అందు సగము రాత్రివేళ కొట్టమునందే పడుననియు అనుకొందము. ఒక జత యెడ్లవలన సంవత్సరమునకు సుమారు 18 కిలోగ్రాముల నత్రజని కొట్టపు నేలపై పడును. 45 కిలోగ్రాముల యూరియా బస్తాలోని నత్రజని సుమారు 20 కిలోగ్రాములే. అంతయు దక్కదు; సగము దక్కినను లాభమే గదా!

నష్టమగు విధము

గుంతలలో నిలిచిన మూత్రము అమ్మోనియా వాయువుగా మారి గాలిలో కలిసిపోవును. తెల్లవారి కొట్టము తలుపు తీయగనే కండ్లను మండించు ఘాటైన వాసన ఇదియే. మిగిలినది భూమిలోనికి దిగి, బావి సమీపమున నున్నచో త్రాగునీటిని చెరచును. అట్టి నీరు పసిబిడ్డలకు మిక్కిలి హానికరము. బురదలో పరుండు పశువులకు గిట్టలు మెత్తబడి చెడును. పాడియావులకు పొదుగువాపు కలుగును. ఈగలు పేడకుప్పలో గ్రుడ్లుపెట్టి వంటయింట వ్రాలును. ఈ చిత్తడిని దినమును ఊడ్చు శ్రమ ఇంటి స్త్రీలదే.

నేల చేయు క్రమము

1. పాత మట్టిని అర అడుగు లోతున త్రవ్వి తీయవలెను. ఏండ్లతరబడి మూత్రము పీల్చిన ఆ మట్టియు మంచి యెరువే. దానిని పారవేయక పొలమునకు తోలవలెను.

2. అచ్చట మొరము పరచి, తడిపి, దిమ్మెసతో గట్టిపరచవలెను. గాడివైపునుండి వెనుకకు 4 అడుగులకు 1 అంగుళము చొప్పున వాలు ఉండవలెను. స్తోమతుగలవారు షాబాదు బండలు పరపించి, సందులను సున్నముతోగాని సిమెంటుతోగాని పూడ్పింపవచ్చును. పశువులు జారకుండుటకై బండల గరుకువైపు పైకుండవలెను.

3. వాలు చివర లోతు తక్కువైన చిన్న కాలువ తీసి, దాని కొనయందు ఒక తొట్టి పాతి మూత పెట్టవలెను. తొట్టిలోని మూత్రమును ప్రతి ఉదయము ఎరువుగుంటలో పోయవలెను.

బండలకు శక్తి లేనివారు ప్రతి సాయంకాలము పొడిమట్టిగాని, చెరువు మట్టిగాని, పశువులు విడిచిన చొప్పముక్కలుగాని నేలపై చల్లి, మరునాడు తడిసినంతవరకు ఎత్తి గుంటలో వేసిన చాలును. ఇండోరు నగరమున 1924 మొదలు 1931 వరకు పనిచేసిన ఆల్బర్టు హోవర్డుగారు తమ ఎరువు తయారీ పద్ధతియందు మూత్రము పీల్చిన మట్టిని ముఖ్యద్రవ్యముగా వాడిరి.

ఎరువుగుంట

గుంట 20 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు ఉండవలెను. బావికి కనీసము 50 అడుగుల దూరమున, మెరకనేలయందు త్రవ్వి, వాననీరు చొరకుండ చుట్టును కట్ట వేయవలెను. గుంటనంతయు ఒక్కమారుగా నింపక, ఒక కొననుండి మూడు నాలుగు అడుగుల భాగమును నింపుచు రావలెను. ఆ భాగము నేలకు ఒకటిన్నర అడుగు ఎత్తునకు వచ్చినపుడు గుండ్రముగా చేసి, పేడయు మట్టియు కలిపి పైని మెత్తవలెను. నాలుగైదు మాసములలో ఎరువు సిద్ధమగును.

ఒక సందేహము

"పేడ పిడకలకే చాలదు, గుంట నేమి నింపుదుము?" అని కొందరు రైతులందురు. పిడకలు చేసినను మూత్రము మిగిలియే యున్నది. తడిసిన మట్టియు, చెత్తయు గుంటకు చేరవలసినవే. కాని బూడిదను తడిమట్టితో కలిపి నిలువయుంచరాదు. అట్లుంచిన నత్రజని వాయువై పోవును. బూడిదను వేరుగా నుంచి నేరుగా పొలమున చల్లుట మేలు.

ఈ పనికి కావలసినది కొలదిపాటి మొరమును, రెండుమూడు దినముల కూలియును, అటుపై ప్రతి ఉదయము ఒక గంప మోయు శ్రమయును మాత్రమే. మృగశిర కార్తె ప్రవేశించులోగా ముగించినచో వానకాలపు ఎరువు వృథాకాదు. ఈ యెరువును మొదట ఒక్క మడికి వేసి, ప్రక్కమడిలోని పైరుతో పోల్చి చూచుకొనవలెను. చూచిన పిమ్మట పొరుగువారికి తెలుపుట రైతుల ధర్మము.