పసుపు కుంకుమ ఎకరం

తెనాలి వైపు కాలువ కింది గ్రామం. పేర్లు వేయవద్దని ఆ ఇంటివారు మరీమరీ కోరారు.

ఎనభై దాటిన అమ్మమ్మకు పెళ్లినాడు పుట్టింటివారు పసుపు కుంకుమ కింద ఎకరం మాగాణి రాసిచ్చారు. అప్పులు తీర్చడానికి దాన్ని అమ్ముదామని భర్త ఎంత పోరినా ఆమె వేలిముద్ర వేయలేదు. కౌలు బస్తాలు ఏటా తన ఎదుటే కొలిపించుకునేది. అది చూస్తూ ఇద్దరు కూతుళ్లు పెరిగారు. స్త్రీవాదమన్న మాట ఆ ఇంట ఎవరూ అనగా వినలేదు.

పెద్దమ్మాయి పెళ్లి 1981లో, చిన్నమ్మాయిది 1988లో. ఆ మధ్యలోనే చట్టం మారింది. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతోపాటు కూతురికీ పుట్టుకతో సమాన వాటా ఇస్తూ మన రాష్ట్రం 1986లో చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. ఆ తేదీకి ముందే పెళ్లయినవారికి మాత్రం లేదు. ఒకే తల్లి బిడ్డల్లో చిన్నదానికి వాటా, పెద్దదానికి మొండిచెయ్యి!

1994లో పంపకాలప్పుడు అన్నలు చిన్నామెను విడుదల పత్రంపై సంతకం అడిగారు. "చేయకే" అని అక్క చెవిలో చెప్పింది. పుట్టింటి గడప దూరమవుతుందని చెల్లెలు చేసేసింది. ఆమెను తప్పుపట్టడం తేలికే గాని, పండుగకు పుట్టింట అడుగుపెట్టలేని ఆడదాని బాధ పంపకాలు చేసే పెద్దమనుషులకు తెలుసునా?

2005 సెప్టెంబరు 9న కేంద్ర సవరణతో ముందే పెళ్లయిన కూతుళ్లకూ హక్కు వచ్చింది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాల జోలికి మాత్రం అది పోలేదు. పెద్దామెకు హక్కు దక్కేసరికి పంచుకోను పొలం లేదు.

ఇప్పుడు పెద్దామె కూతురి వంతు. ఆమె తండ్రి పోయారు. తాతల నాటి పొలం ఇంకా ఉమ్మడిలోనే ఉంది. (స్వార్జితమైతే వేరు. దానికి తండ్రి తన ఇష్టం వచ్చినట్లు వీలునామా రాసుకోవచ్చు.) తమ్ముడు విడుదల కాగితం తెచ్చాడు.

"నీకు కట్నం ఇచ్చాం గదక్కా" అన్నాడు.

మంచం మీది అమ్మమ్మ లేచి కూర్చుంది. "కట్నం వాళ్లింటికి పోయిందిరా. దాని చేతికేం వచ్చింది?"

"ముందు చదవనీ" అంటూ మనుమరాలు కాగితం తీసి బీరువాలో పెట్టింది. ఇంకా సంతకం చేయలేదు. తమ్ముడు మాట్లాడటం మానేశాడు. సంక్రాంతికి పిలుపు వస్తుందో రాదో అంటున్నప్పుడు ఆమె గొంతు తడబడింది. పక్కనే కూర తరుగుతున్న పిన్ని తల ఎత్తలేదు.