పుల్ల పట్టినాయన ఒక్క సప్పుడు చెయ్యడు.. మరి అందరు ఆయన దిక్కే ఎందుకు చూస్తరు?

2025 ఏప్రిల్‌ల అమెరికాల కోచెల్లా అనే పెద్ద పాటల జాతర అయింది. ర్యాపర్లు, పాప్ స్టార్లు ఊపేసే స్టేజీ అది. గా స్టేజీ మీదికి వయొలిన్లు, బూరలు పట్టుకొని లాస్ ఏంజిల్స్ ఫిల్హార్మానిక్ ఆర్కెస్ట్రా ఎక్కింది. ముందట ఉంగరాల జుట్టాయన ఒకడు సన్నటి పుల్ల ఊపుతుంటే పోరగాండ్లు ఒకటే కేకలు. ఆయన పేరు గుస్తావో డుడామెల్. వెనిజులా దేశపాయన. లాస్ ఏంజిల్స్‌ల 17 సీజన్లు చేసి, 2026 సెప్టెంబర్ నుంచి మొదలయ్యే సీజన్‌కు న్యూయార్క్ ఫిల్హార్మానిక్‌కు పోతున్నడు. 1842ల పుట్టిన గా ఆర్కెస్ట్రాకు లాటిన్ అమెరికా మనిషి సంగీత దర్శకుడు కావుడు ఇదే మొదటిసారి.

"గా ముచ్చట మనకెందుకన్నా?" అని అడుగుతరు. చెప్త, ఇనుండ్రి.

ముందుగాల ఒక తిరకాసు తీసేద్దం. ఇక్కడ సంగీత దర్శకుడంటే మన సినిమాలల్ల లెక్క బాణీ కట్టెటాయన గాదు. బాణీలు ఎప్పుడో రాసి ఉన్నయి, కొన్ని రెండు వందల ఏండ్ల కిందటివి. ఆర్కెస్ట్రాల దగ్గరదగ్గర వంద మంది ఉంటరు. ఒక్కొక్కరి ముందట వాళ్ల వంతు కాగితం మాత్రమే ఉంటది. అందరి వంతులు కలిపి ఉన్న పెద్ద పుస్తకం కండక్టర్ ముందట ఉంటది. కుడి చెయ్యితోని తాళం చూపిస్తడు. ఎడమ చెయ్యితోని "నువ్వు తగ్గు, నువ్వు లేవు, ఇప్పుడు నీ వంతు" అని చెప్తడు. అసలు పని కచేరీ నాడు గాదు, దానికి ముందు రిహార్సల్స్‌ల అయితది. డప్పుల మేళంల ముందటాయన కంటిసైగ తోనే దరువు మారుతది సూడు, గంతే. ఫరకేందంటే, మన డప్పు పెద్దమనిషి తను గూడ కొడ్తడు. ఈయన చేతుల వాయిద్యమే ఉండదు. వంద మంది నమ్మితేనే ఆయన పుల్లకు విలువ.

ఇగ అసలు కథ. డుడామెల్ 1981ల బార్కిసిమెటో అనే ఊళ్లె పుట్టిండు. నాయిన సల్సా బ్యాండ్లల్ల ట్రాంబోన్ ఊదెటోడు. పిలగాడు వయొలిన్ నేర్చింది 'ఎల్ సిస్తెమా'ల. హోసే ఆంటోనియో అబ్రేయు అనే ఆర్థికవేత్త 1975ల దాన్ని మొదలుపెట్టిండు. మొదటి రిహార్సల్ ఒక కార్ల గ్యారేజీల, 11 మందితోని అయిందని చెప్తరు. సర్కారు పైసలతోని పిల్లగాండ్లకు ఉత్తగనే సంగీతం, ఉత్తగనే వాయిద్యం. చిన్నపిల్లలైతే ముందు అట్టతోని, కాగితంతోని వయొలిన్ చేసుకొని పట్టుడు నేర్చుకుంటరు. అట్ల లక్షల మంది నేర్చుకున్నరు. అదే తొవ్వల లాస్ ఏంజిల్స్‌ల గూడ 2007ల 'యోలా' అని పెట్టిండ్రు. ఇంగిల్‌వుడ్‌ల ఒక పాత బ్యాంకు బిల్డింగును మార్చి దానికి సెంటర్ చేసిండ్రు.

ఇంతవరకు వింటే చప్పట్లు కొట్టబుద్ధి అయితది. కొట్టుండ్రి. కానీ ఆడనే ఆగొద్దు. ఎల్ సిస్తెమా మీద గట్టి ప్రశ్నలు గూడ ఉన్నయి. జెఫ్రీ బేకర్ అనే పరిశోధకుడు 2014ల ఒక పుస్తకమే రాసిండు. లోపట పెత్తనం ఎక్కువ, నిజంగ బీదోళ్ల పిల్లలు తక్కువ అన్నడు. ఇంకోటి, సర్కారు పైసలు తింటే సర్కారును ప్రశ్నించగలమా? 2013ల చావెజ్ అంత్యక్రియలల్ల డుడామెల్ ఆర్కెస్ట్రా నడిపిండు. 2014ల వీధులల్ల పోరగాండ్లు సచ్చిపోతుంటే కచేరీ ఎట్ల చేస్తవని వెనిజులా పియానిస్టు గాబ్రియెలా మోంటెరో ఆయననే నిలదీసింది. ఆయన సంగీతం వేరు, రాజకీయం వేరు అన్నట్టు ఊకున్నడు.

2017 మే నెలల ఆర్మాండో కానిజాలెస్ అనే 18 ఏండ్ల పిలగాడు నిరసనల సచ్చిపోయిండు. ఆ పిలగాడు గూడ ఎల్ సిస్తెమాల వయోలా వాయించెటోడే. అప్పుడు డుడామెల్ నోరు తెరిచిండు. ఇగ సాలు అన్నడు. మదురో సర్కారును తప్పుపట్టుకుంట పేపర్ల వ్యాసం రాసిండు. ఆగస్టు వచ్చేసరికి ఆయన నడపాల్సిన జాతీయ యువ ఆర్కెస్ట్రా అమెరికా యాత్ర రద్దయింది. మాట్లాడినందుకు శిక్ష వాయించే పిల్లల మీద గూడ పడ్డది. ఊకుంటే ఒక తప్పు, మాట్లాడితే ఒక ఖర్చు. గీ లెక్క కళాకారులకే గాదు, మనకు గూడ తెల్వాలె.

ఇప్పుడు న్యూయార్క్. ఆయన వాయింపించే డేవిడ్ గెఫెన్ హాల్‌ను 55 కోట్ల డాలర్లతోని కొత్తగ చేసి 2022ల తెరిచిండ్రు. ఆ హాలున్న లింకన్ సెంటర్ కింద ఏముండెనో ఎరుకేనా? సాన్ హువాన్ హిల్. నల్లోళ్లు, ప్యూర్టోరికోవోళ్లు బతికిన బస్తీ. "అభివృద్ధి" పేరు మీద 7,000కు పైగ కుటుంబాలను లేపేసి కట్టిండ్రు. ప్రాజెక్టు కింద ఊరు పోగొట్టుకున్నోళ్లకు ఈ బాధ వేరే చెప్పనక్కర్లేదు. హాలు మళ్ల తెరిచిన నాడు ఆ బస్తీ కథనే సంగీతంగ వినిపించిండ్రు. మంచిదే. కానీ పాట కట్టినంత మాత్రాన ఇండ్లు తిరిగి రావు. స్పానిష్ మాట్లాడెటోళ్లను వెళ్లగొట్టిన జాగల, స్పానిష్ మాట్లాడే ఆయన ఇప్పుడు పుల్ల పట్టి నిలబడ్తున్నడు. గది చిన్న ముచ్చట గాదు. గది న్యాయం జరిగినట్టు గూడ గాదు.

మనకొక చుట్టరికం గూడ ఉన్నది. ముంబైల పుట్టిన జుబిన్ మెహతా 1962 నుంచి 1978 దాంక లాస్ ఏంజిల్స్‌ల, తర్వాత 1991 దాంక న్యూయార్క్‌ల గిదే కుర్చీల ఉండె. డుడామెల్ నడిచే తొవ్వ ముందుగాల నడిచింది మన దేశపాయనే. ఫరకేందంటే, మెహతా నాయిన మెహ్లీ మెహతా బొంబాయిల ఆర్కెస్ట్రా పెట్టిన మనిషి. సంగీతం ఇంట్లనే ఉన్నది. ఇంట్ల లేనోళ్ల సంగతేంది? ఎల్ సిస్తెమా ఎన్ని తప్పులతోనన్న జవాబు చెప్పాలని చూసింది గా ప్రశ్నకే.

నాకు వయొలిన్ ఎట్ల పట్టాల్నో గూడ రాదు. ఫోన్‌ల విని విని నేర్చుకున్న ముచ్చట్లే ఇవి. మీరు గూడ ఆ కచేరీల వీడియోలు చూసినప్పుడు ముందు ఆయన చేతులు చూడుండ్రి. ఎడమ చెయ్యి ఎవరిని లేపుతుందో పట్టుకోండ్రి. తర్వాత కెమెరా హాలు దిక్కు తిరుగుతది. అప్పుడు కుర్చీలల్ల ఎవరు కూసున్నరో గూడ చూడుండ్రి.