తుపాకికీ కావాలి ఊతకర్ర

నక్క మనకు కొత్త జంతువేమీ కాదు. ఎవడికైనా అనుకోకుండా కలిసివస్తే "నక్క తోక తొక్కి వచ్చాడురా" అంటాం. ఎదుటివాడు మనకంటే కాస్త తెలివిగా ప్రవర్తిస్తే నక్కజిత్తులవాడంటాం. కరటక దమనకుల పుణ్యమా అని నావంటి తెలుగు మేష్టర్లు ఎందరో నాలుగు రాళ్ళు సంపాదించుకుంటున్నారు గూడాను.

ఈ నక్కకు అమెరికాలో ఒక పెద్దన్న వున్నాడు. పేరు కొయొటీ. నక్కకంటే కొంచెం పెద్దది, తోడేలుకంటే బాగా చిన్నది. మెక్సికో ఆదివాసుల నహువాత్ల్ భాషలోని "కొయొట్ల్" అనే మాట స్పానిష్ వాళ్ళ నోట పడి, అక్కణ్ణించి ఇంగ్లీషులోకి వచ్చింది. గొర్రెల ఆసాములకు ఇది పక్కలో బల్లెం. దాన్ని కొట్టడానికి వాళ్ళు వాడే తుపాకుల సంగతి నాకు ఆట్టే పట్టదు. ఆ తుపాకిని నిలబెట్టే ఊతం సంగతి మాత్రం నన్ను బాగా ఆలోచింపజేసింది. ఇప్పుడు చెప్పబోయేది దాన్ని గురించే.

"మాకెందుకండీ యీ వేట గొడవ?" అని మీరు అడగవచ్చు. నిజమే. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక నక్కను కొట్టడం నేరం. వుండవలసిన చట్టమే అది. కాని పొరుగుదేశంలో చట్టం ఒప్పుకున్న పనిని కొందరు ఎంత జాగ్రత్తగా చేస్తారో, కొందరు ఎంత నిర్లక్ష్యంగా చేస్తారో తెలుసుకోవడంలో తప్పులేదు గదా.

ముందు ఒక చిన్న లెక్క చూడండి. భుజానికి ఆనించిన రైఫిలు మడమ దగ్గరనుంచి గొట్టం కొసదాకా ఇంచుమించు ఒక మీటరు. గురి చూసేటప్పుడు ఆ కొస ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగిందనుకోండి. 200 మీటర్ల దూరంలో గుండు 200 మిల్లీమీటర్లు, అంటే 8 అంగుళాలు పక్కకు పోతుంది. కొయొటీ ఛాతీలో గుండెకాయా ఊపిరితిత్తులూ వుండే చోటు అరచేతి కంటే పెద్దది కాదు. అంటే అర మిల్లీమీటరు జరిగినా, జంతువు చావదు. పొట్టో కాలో ఛిద్రమై పొదల్లోకి పారిపోతుంది. అక్కడ ఎన్నాళ్ళకు చస్తుందో చూసేవాడెవడూ వుండడు. మనిషి ఊపిరి పీలిస్తే ఛాతీ కదులుతుంది. గుండె కొట్టుకుంటే చేయి కదులుతుంది. మరి అర మిల్లీమీటరు కదలకుండా ఎవడు నిలపగలడు? ఊతం వుండి తీరాలి. ఏ ఊతం అన్నదే ప్రశ్న.

2023 వేసవి సెలవుల్లో నేనూ మా ఆవిడా టెక్సాస్ రాష్ట్రంలోని శాన్ ఏంజెలోకు వెళ్ళాం. మా తోడల్లుడు అక్కడ పశువుల డాక్టరు. ఆ ప్రాంతం గొర్రెలకూ, ఉన్నికీ, పొడుగు వెంట్రుకల అంగోరా మేకలకూ పేరుపడ్డది. ఊరు దాటి కారు పది మైళ్ళు పోయిందో లేదో, నాకు ఒంగోలు చుట్టుపక్కల తిరుగుతున్నట్టే తోచింది. ఎటు చూసినా సర్కారు తుమ్మ, నాగజెముడు! వాళ్ళ మెస్కీటు చెట్టు మన సర్కారు తుమ్మకు స్వయానా తోబుట్టువట. నాగజెముడు పసుపుపచ్చని పూలు పూసి వుంది. ఈ రెండూ మనదేశానికి అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. పుట్టింటి దగ్గర వాటిని చూసి, ఎంత పెద్ద కుటుంబం అనుకున్నాను.

మా తోడల్లుడి దగ్గరకు వచ్చే ఆసాముల్లో ఒక డెబ్భై యేళ్ళు దాటిన ముసలాయన వున్నాడు. ఆయన మందలో వరసగా గొర్రెపిల్లలు పోతున్నాయి. గొంతు దగ్గర కొరికిన గాట్లు చూసి, ఇది కొయొటీ పనే, ఊరకుక్కల పని కాదని మా వాడు తేల్చాడు. కుక్కయితే దొరికినచోటల్లా పీకి పెడుతుందట; కొయొటీ మాత్రం సాధారణంగా గొంతే పట్టుకుంటుంది.

"అయితే మందకు కాపలా కుక్కలు లేవా?" అని మా మరదలు అడిగింది. ఆవిడకు ఏ జీవాన్ని చంపడమూ గిట్టదు. వున్నాయి. మంచులా తెల్లగా, దూడంత వుండే పిరనీస్ కుక్కలు రెండు మందతోపాటే పడుకుంటాయి. మరొక గాడిద గూడా వుంది. నవ్వకండి! కుక్కజాతి అంటే గాడిదకు సహజంగానే పడదు. మందలో వొంటరిగా ఒక గాడిదను వదిలితే, వచ్చిన కొయొటీని తరిమి తన్నుతుంది. టెక్సాస్‌లో ఇది చాలామంది చేసే పనే. అయినా ఒక జంతువు మాత్రం కాపలా కన్నుగప్పి వస్తూనే వుంది. ముసలాయన దాన్ని ఒకసారి దుర్భిణిలో చూశాడట. దాని వెనక కాలు ఒకటి విరిగి వంకరగా అతుక్కుని వుంది.

"ఎవడో తిన్నగా కొట్టలేక వదిలేశాడు. కుందేలును పట్టలేని జంతువు గొర్రెపిల్ల జోలికి రాక ఏం చేస్తుంది?" అన్నాడాయన. ఇది శాస్త్రమో కాదో నాకు తెలియదు. ఆయన మాటలో కోపం మాత్రం కొయొటీ మీద కాదు.

టెక్సాస్‌లో కొయొటీ వేటకు ఫలానా ఋతువని లేదు, ఏడాది పొడుగునా కొట్టవచ్చు. మా తోడల్లుడు ముసలాయనకు సాయం వెళ్ళాలని ఉబలాటపడి, ఒక పెద్ద దుకాణంలో తన రైఫిలుకు బైపాడ్ కొనుక్కొచ్చాడు. తుపాకి ముందు కర్రకు బిగించే రెండు కాళ్ళ ఊతం అది. హ్యారిస్ వారిది, పేరుపడ్డ సరుకు. కాళ్ళు 6 అంగుళాలనుంచి 9 అంగుళాలదాకా సాగుతాయి. పెరట్లో సిమెంటు నేల మీద పెట్టి, బోర్లా పడుకుని చూస్తే తుపాకి కొండలా నిలబడింది.

"అన్నయ్యగారూ, ఇక కుదురంటే ఇదే" అన్నాడు. మా మరదలు మాత్రం, "బావగారూ, ఆ చొక్కా ఉతికేది నేనేనండీ" అంది.

మర్నాడు చీకటితోనే ముగ్గురం పొలానికి వెళ్ళాం. ముసలాయన ఆ బైపాడ్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "డాక్టరుగారూ, బాగుంది. ఇంతకీ ఎక్కడ పడుకుంటారు?" అన్నాడు. అప్పటికి వెలుగు వచ్చింది. నేలనిండా నాగజెముడు ముళ్ళు. ముళ్ళు లేని చోట మోకాలెత్తు గడ్డి. పైగా అది వైశాఖమాసం; గిలకల పాములు తిరిగే కాలం. ఏదో ఒకచోట బోర్లా పడుకున్నా, 9 అంగుళాల ఎత్తునుంచి చూస్తే గడ్డిపరకలు తప్ప మరేమీ కనిపించవు. మంచి సరుకే, చోటు దానిది కాదు. అదే బైపాడ్‌ను ఉత్తరాదిని మంచు కప్పిన మైదానంలోనో, కోత అయిపోయిన గోధుమ చేలోనో పెడితే దానికి సాటి మరొకటి లేదు. దుకాణంలో ఎవడూ "మీ ఊరి నేల ఎటువంటిది?" అని అడగడు మరి.

ఆ పక్షంలో పొడుగు కాళ్ళ రకం వుంది. 13 అంగుళాల పైనుంచి 27 అంగుళాలదాకా సాగుతుంది. కూర్చుని కాల్చవచ్చు. తుపాకికే బిగించి వుంటుంది గనక మరిచిపోయే భయం లేదు. అయితే దీనితో వచ్చిన చిక్కు కొయొటీ స్వభావం తెలిస్తేగాని బోధపడదు.

కొయొటీని వెతుక్కుంటూ వెళ్ళరు, పిలుస్తారు. చిన్న పీక ఒకటి నోట్లో పెట్టుకుని, దెబ్బ తగిలిన కుందేలు అరిచినట్టు ఊదుతారు. ముసలాయన ఊదుతుంటే, అది పీక అని తెలిసిన నాకే ఒళ్ళు జలదరించింది. ఆ కేక విని వచ్చే జంతువు తిన్నగా రాదు. వాసన పట్టడానికి గాలి వాలుకు చుట్టు తిరిగి వస్తుంది. మీరు తూర్పుకు ఎదురుచూస్తే అది ఈశాన్యాన తేలుతుంది. అప్పుడు తుపాకి నోటిని మెల్లిగా, ఆకు కదిలినంత నెమ్మదిగా తిప్పాలి. బిగించిన బైపాడ్‌తో తిప్పాలంటే రెండు కాళ్ళూ నేలనుంచి లేపి మళ్ళీ నాటాలి. అంత కదలిక చాలు, కొయొటీ మాయమవుతుంది. ఆ కాళ్ళకుండే స్ప్రింగు "టక్" మన్నా చాలు.

మరి ముసలాయన ఊతం ఏమిటి? రెండు కర్రలు! మన చేతికర్రకంటె సన్నటివి, 40 అంగుళాల పొడుగువి. పైకొసలకు నాలుగంగుళాల దిగువన బెజ్జం వేసి ఒక మేకు బిగించాడు. తెరిస్తే కత్తెరలాగ నిలబడతాయి. పై సందులో తోలుముక్క చుట్టాడు. తుపాకి కర్ర అందులో కూర్చుంటుంది. ఇది కొత్త సంగతేమీ కాదు. 1870 ప్రాంతాల్లో ఇదే టెక్సాస్ మైదానాల్లో అడవిదున్నలను వేలకొలది కూల్చిన వేటగాళ్ళు, బరువైన షార్ప్స్ తుపాకులను యిటువంటి కత్తెర కర్రల మీదనే ఆనించేవారు. దున్నలు అంతరించే దశకు వచ్చాయిగాని కొయొటీ అంతరించలేదు. విషాలు పెట్టారు, బోనులు పెట్టారు. 1972లో అధ్యక్షుడు నిక్సన్ ప్రభుత్వ భూముల్లో ఆ విషాల వాడకానికి అడ్డుకట్ట వేసేదాకా అదే వరస. ఇప్పుడు హవాయి తప్ప అన్ని రాష్ట్రాల్లోనూ కొయొటీ వుంది. న్యూయార్కు నగరం నడిబొడ్డునున్న సెంట్రల్ పార్కులో గూడా కనిపించింది!

కత్తెర కర్రల కిటుకు ఏమిటంటే, వాటికి రెండే కాళ్ళు. మూడో కాలు మనిషే. నేలమీద కూర్చుని, మోకాళ్ళు పైకెత్తి, మోచేతులు వాటికి ఆనించి, కర్రల కాళ్ళు ముందుకు నాటి, తుపాకి మడమ భుజాన పెట్టుకుంటే మొత్తం ముక్కాలిపీట అవుతుంది. ముక్కాలిపీట ఎగుడు దిగుడు నేలమీద గూడా కిర్రుమనకుండా కూర్చుంటుందని మన ఆడవాళ్ళకు ఒకరు చెప్పాలా? ఎడమచేత్తో ఆ కర్రల మెడ పట్టుకుని కాస్త ఒరిపితే తుపాకి నోరు కావలసినవైపు తిరుగుతుంది. ఒంటికర్ర ఊతం అమ్మేవాళ్ళూ వున్నారు. అది కిందా మీదా ఊగడం ఆపుతుందిగాని పక్కలకు ఊగడం ఆపదు. నాకైతే అది సగం ఊతమే.

ఆ ఉదయం కొయొటీ వచ్చింది. 300 గజాల దూరాన తుమ్మచెట్టు నీడలో నిలబడింది. ముసలాయన కర్రలమీద తుపాకి పెట్టి, దుర్భిణిలోంచి చాలాసేపు చూశాడు. మా వాడు ఊపిరి బిగబట్టాడు. ముసలాయన మీట మీదనుంచి వేలు తీసేశాడు. "నా చేతికి అది దూరం. గీత నిలవడంలేదు" అన్నాడు, మేం అడగకుండానే. అది వెళ్ళిపోయింది. ఆ రాత్రి మరో గొర్రెపిల్ల పోయింది.

మూడోనాడు అదే జంతువు 90 గజాల్లోకి వచ్చింది. వంకర కాలు నాకూ కనబడింది. ఒక్క చప్పుడు, నిలబడ్డచోటనే ఒరిగిపోయింది, కాలు గూడా కొట్టుకోలేదు. ఇంటికొచ్చి చెబితే మా మరదలు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "బాధపడలేదు గదా?" అని మాత్రం అడిగింది. లేదన్నాను.

మా తోడల్లుడు ఆ వారం తిరిగి దుకాణానికి వెళ్ళాడు. ఈసారి మూడు కాళ్ళ స్టాండు చూశాడు. ఫోటోగ్రాఫరు స్టాండు వంటిదే. తుపాకిని పైన మరలో బిగిస్తారు. నిలబడి గూడా కాల్చవచ్చు. రాత్రిపూట ఒంటి వేడిని పసిగట్టే దుర్భిణులతో వేటాడేవాళ్ళు దీన్నే వాడతారు. గంటలకొద్దీ చీకట్లో చుట్టూ వెతకాలి గనక చేతులకు శ్రమ వుండదు. అందరిలోకీ కుదురైనది ఇదే, సందేహం లేదు. కాని వెల కొన్ని వందల డాలర్లు, మోత బరువు. మైలు నడిచి కొండెక్కేవాడు రెండోరోజున దాన్ని కారులోనే వదిలేస్తాడు. కారులో వున్న ఊతం ఎంత మంచిదైతేనేం?

చివరకు అతడు కూడా కత్తెర కర్రలే చేయించుకున్నాడు. కొలత ఎలాగో ముసలాయనే చూపించాడు: నేలమీద కూర్చుని, మెడ వంచకుండా, కళ్ళు మూసుకుని తుపాకి భుజానికెత్తాలి. అప్పుడు తుపాకి ముందు కర్ర నేలకు ఎంత ఎత్తున వుందో మరొకరు కొలవాలి. కాళ్ళు ఎడంగా పెడతాం గనక దానికి ఐదారంగుళాలు కలుపుకోవాలి. మడమ వాలే చోటు గట్టినేల అయితే కర్రల కొసలకు రబ్బరు తొడుగులు వేయాలి. రాతిమీద కర్ర చప్పుడు చాలా దూరం పోతుంది. ఊతంమీద ఆనవలసింది తుపాకి ముందు కర్రేగాని ఇనుప గొట్టం కాదు; గొట్టాన్ని ఆనిస్తే పేలిన అదుటుకు ఎగిరి గుండు గురి తప్పుతుంది. చెట్టుకొమ్మ మీద ఆనించినా ఇదే సూత్రం; మధ్యలో చేయో, టోపీయో పెట్టాలి.

కర్రలు తయారయ్యాక మా వాడు వాటితో కాగితం బిళ్ళలమీద నెలరోజులు సాధన చేశాడని మా మరదలు ఉత్తరం రాసింది. అరచేతంత కాగితం. పదికి పది గుళ్ళు అందులో పడే దూరమే తన దూరమని ముసలాయన పెట్టిన షరతు. మా వాడికి అది ప్రస్తుతం 120 గజాలట.