రేడియో స్వరమును దిద్దు ఇనుపముద్ద: అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు

హైదరాబాదు రేడియో కేంద్రము 1935లో నిజాము ప్రభుత్వము చేతికి వచ్చినది. 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో చేరినది. నగరమునకు పడమటనున్న మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతపు పల్లెలకు, వానిలో ఒకటియైన చిన్న మంగళారమునకు, హైదరాబాదు దూరము కాదు. ప్రసారము బలముగా అందుచోట స్వరము బాగుండకున్నచో, దోషమును ఆకాశమున వెదుకుట వ్యర్థము, పెట్టెలోపలనే వెదుకవలెను. తాతలనాటి వాల్వు రేడియోను భద్రపరచుకొన్నవారు నేటికిని కలరు. స్పీకరు మార్పించినను మునుపటి గంభీరస్వరము రాలేదని వారిలో కొందరు చింతింతురు. అట్టివారు స్పీకరుకు ముందున్న చిన్న ఇనుపముద్దను, అనగా అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరును, ఒకసారి తలచుకొనవలెను.

ఇది ఏల అవసరమో మొదట చూతము. వాల్వు అధికమైన వోల్టేజితో స్వల్పమైన విద్యుత్తును పంపును. స్పీకరు కాగితపు గరాటును కదలించు తీగచుట్టకు స్వల్పమైన వోల్టేజి, అధికమైన విద్యుత్తు కావలెను. గడ్డపారతో బండను లేపునప్పుడు మన చేయి చాల దూరము తేలికగా కదలును. బండ కొలది దూరము మహాబలముతో కదలును. ట్రాన్స్‌ఫార్మరు అట్టి గడ్డపారయే. గడ్డపార ఎక్కడ ఆనినదను దానిని బట్టి బలము మారునట్లే, ఇందు రెండు చుట్టల నిష్పత్తిని బట్టి ఫలము మారును.

ఒక లెక్క చూతము. పలు రేడియోలలో వాడబడిన ఇ.ఎల్.84 అను వాల్వు 250 వోల్టుల వద్ద 48 మిల్లీఆంపియర్లు తీసికొనును. దానికి 5200 ఓముల భారము తగును. స్పీకరు 4 ఓములదైనచో, 5200ను 4చే భాగింపగా 1300 వచ్చును. దాని వర్గమూలము ఇంచుమించు 36. కాబట్టి ప్రైమరీలో 36 చుట్లకు సెకండరీలో ఒక చుట్టు ఉండవలెను. దానికే 8 ఓముల స్పీకరు తగిలించినచో వాల్వుకు 10,400 ఓముల భారము కనబడును. అప్పుడు శక్తి తగ్గును. గట్టిగా పెట్టినచో స్వరము చీలును. కొత్త స్పీకరు మంచిదే కావచ్చును, జోడు మాత్రము కుదరలేదు.

ఇక మంద్రస్వరముల సంగతి. ప్రైమరీ చుట్టకు ఇండక్టెన్సు అను గుణము కలదు. దానిని హెన్రీలలో కొలుతురు. శబ్దము మంద్రమునకు దిగినకొలది ఈ చుట్ట విద్యుత్తును అడ్డగించు శక్తి తగ్గును. స్పీకరుకు పోవలసినది చుట్టలోనే జారిపోవును. 8 హెన్రీల చుట్ట 100 హెర్ట్జుల వద్ద 5000 ఓములుగా అడ్డుపడును. పైవాల్వుతో, ఫీడ్‌బ్యాకు లేనప్పుడు, అక్కడ శక్తి సగమునకు దిగును. 50 హెర్ట్జుల వద్ద అయిదవ వంతు మాత్రమే మిగులును. మృదంగపు ఎడమవైపు మ్రోత పలుచబడుటకు ఇది ఒక కారణము. చిన్న పెట్టె, చిన్న స్పీకరు కూడ మంద్రమును తగ్గించునని మరువరాదు.

చుట్లు పెంచి, ఇనుము పెంచినచో ఈ లోపము తగ్గును. అయితే వాల్వు యొక్క 48 మిల్లీఆంపియర్లు ఎడతెగక ప్రవహించి ఇనుమును ఒకే దిక్కున అయస్కాంతముగా మార్చుచుండును. ఇనుము నిండిపోయినచో స్వరము వికృతమగును. అందుచే రేకుల నడుమ కాగితమంత సందు ఉంచుదురు. రెండు వాల్వులు ఎదురెదురుగా పనిచేయు పుష్‌పుల్ పద్ధతిలో రెండు ప్రవాహముల అయస్కాంతబలములు ఒకదాని నొకటి రద్దుచేసికొనును, సందు అక్కరలేదు. ఇంగ్లండులో డి.టి.ఎన్. విలియమ్‌సన్ 1947లో ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో ప్రకటించిన ఆంప్లిఫయరు ఈ పద్ధతిదే. దాని ట్రాన్స్‌ఫార్మరు ప్రైమరీకి 100 హెన్రీలు కోరబడినవి.

తారస్వరములకు వేరొక చిక్కు కలదు. ప్రైమరీ పుట్టించిన అయస్కాంతరేఖలలో కొన్ని సెకండరీని చేరక తప్పిపోవును. తారస్థాయిలో ఈ నష్టము హెచ్చగును. వేణువు కాంతి, మాటలలోని ‘శ’, ‘స’ల స్ఫుటత్వము మసకబారును. రెండు చుట్టలను ముక్కలుచేసి పొరలు పొరలుగా ఒకదానిలో నొకటి చుట్టినచో నష్టము తగ్గును. మీడియం వేవ్‌లో కేంద్రముల నడుమ ఎడము 9 కిలోహెర్ట్జులే అగుటచే రేడియో అతి తారమును ఎట్లును విడిచిపెట్టును. గ్రామఫోను రికార్డు పెట్టినప్పుడే ఈ భేదము బాగుగ తెలియును.

గృహస్థులు గమనింపవలసినవి కొన్ని కలవు. స్పీకరు తీగ ఊడియుండగా రేడియోను నడుపరాదు. అప్పుడు ప్రైమరీలో పుట్టు అధిక వోల్టేజి తీగపూతను చీల్చవచ్చును. శబ్దము ఆగి, చివరి వాల్వు లోపలి తీగలు ఎర్రబడినచో ప్రైమరీ తెగియుండవచ్చును. వెంటనే స్విచ్చి కట్టివేయవలెను. లోపలి 250 వోల్టులు ప్రాణాపాయకరము. స్విచ్చి కట్టిన పిమ్మటను కండెన్సర్లలో కొంతసేపు నిలిచియుండును. కాబట్టి తెలియనివారు చేయిపెట్టరాదు. తిరిగి చుట్టించునప్పుడు పాత చుట్ల లెక్క, తీగ మందము, రేకుల నడిమి సందు యథాతథముగ ఉంచుమని మెకానిక్కుకు చెప్పవలెను.

ట్రాన్సిస్టరు స్వల్ప వోల్టేజితో అధిక విద్యుత్తును ఈయగలదు. అందుచే తరువాతి రేడియోలలో ఈ ఇనుపముద్ద క్రమముగా కనుమరుగైనది. పాత రేడియోకు మాత్రము దానికి బదులు లేదు. స్పీకరు మార్చునప్పుడు ఎన్ని ఓములదని ముందుగా అడుగుడు. పాత ట్రాన్స్‌ఫార్మరును పాత ఇనుము వెలకు పోనీయకుడు.