చినుకు పడక ముందే పెంకు సర్దాలి

కోనసీమ: రోహిణి కార్తె ఎండలు ముగుస్తూనే మృగశిర వస్తుంది. తొలకరి ఏ రాత్రి విరుచుకు పడేదీ చెప్పలేం. పాత పెంకుటిళ్ల వారు మనిషిని కప్పెక్కించి చూపించుకోవలసిన రోజులివి. కానీ ఎన్నో ఇళ్లలో కారిన చోటల్లా గిన్నెలు పెట్టుకున్నాకే పనివాడి కోసం పరుగులు తీస్తున్నారు. తడిసిన పెంకు మీద కాలు నిలవదు. అప్పుడు ఎవరూ ఎక్కరు.

నష్టం పెంకుతో ఆగితే బాధ లేదు. కోతులు దూకి పగిలిన ఒక్క పెంకు సందున నీరు దిగి ముందు పెండెబద్ద నానుతుంది. ఆపై వాసం, చివరకు దూలం. నానిన కలపకు చెద తోడవుతుంది. మండువా ఇళ్లలోనైతే రెండు వాలులు కలిసే మూలలే తరచు కారుతాయి. ఎండుటాకులు అక్కడే పేరుకుంటాయి గనుక మొదట వాటిని ఊడ్పించాలి.

మట్టితోనో, సున్నంతోనో కట్టిన పాత గోడకు సిమెంటు పూత గట్టిదనుకోవడం పొరపాటు. లోపలి చెమ్మ బయటికి రాలేక పెచ్చులూడుతుంది. సున్నం నానబెట్టి, వడగట్టి, కాస్త తుమ్మజిగురు కలిపి వేయిస్తే చాలు. ఖర్చూ తక్కువే.

ఇల్లు అమ్ముదామనుకునే వారికి ఇది మరీ ముఖ్యం. కొనేవాడు లోపలికి రాగానే చూసేది కప్పు వంకే. దూలాన్ని తట్టి చూస్తాడు. డొల్ల మోగిందా, ఇంటికి విలువ కట్టడు. స్థలానికే బేరమాడతాడు, పైగా పడగొట్టే కూలీ తగ్గించమంటాడు. కలప గట్టిగా ఉంటే తలుపులు, స్తంభాలు విడిగానైనా ధర పలుకుతాయి.

పెంకు సర్దడంలో చేయి తిరిగిన వారు ఊళ్లలో తగ్గిపోయారు. ఉన్న ఒకరిద్దరికీ ఈ పక్షంలోనే తీరిక ఉండదు. ముందుగా చెప్పి ఉంచుకోవడం మేలు.