నీళ్ల మీద ఆ గీతలు ఎలా గీస్తారు?

హుస్సేన్ సాగర్‌లో జరిగే మాన్సూన్ రెగట్టా అనే తెరచాప పడవల పోటీని గట్టు మీంచి చూస్తే తెరచాపలు కనువిందు చేస్తాయి. ఎవరు ముందున్నారో మాత్రం ఓ పట్టాన తేలదు. ఎందుకు? శంషాబాద్ విమానాశ్రయంలో విమానం గాలికి ఎదురుగా పరుగెత్తి పైకి లేస్తుంది. తెరచాప పడవ అలా నేరుగా ఎదురెళ్లలేదు. గాలికి దాదాపు 45 డిగ్రీల వాలులో, ఓసారి కుడికి, ఓసారి ఎడమకి మళ్లుతూ సాగాలి. ఒక పడవ ఈ చివర, ఇంకొకటి ఆ చివర ఉంటే పోల్చేదెలా?

అందుకే టీవీలో నీళ్ల మీద గాలికి అడ్డంగా గీతలు చూపిస్తారు. ఒకే గీత మీదున్న పడవలు ఎంత ఎడంగా ఉన్నా సమానమే. గాలి దిశ మారితే గీతలూ తిరుగుతాయి. వెనకబడ్డ పడవ చటుక్కున ముందుకొచ్చేయొచ్చు! నాకైతే ఆటలో అసలు ఉత్కంఠ అక్కడే.

2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన అమెరికాస్ కప్ పోటీలో స్టాన్ హనీ బృందం ‘లైవ్‌లైన్’ పద్ధతితో ఈ గీతలు చూపించింది. శంషాబాద్ మీదుగా వెళ్లే విమానం తన చోటును తానే రేడియోలో చెబుతుంది. ఫోన్‌లోని ఫ్లైట్ యాప్‌లో మనకు కనిపించేది అదే. పోటీ పడవలూ అంతే, జీపీఎస్‌తో తమ జాడ పంపుతుంటాయి.

కష్టమంతా పోటీని పైనుంచి చిత్రీకరించే హెలికాప్టర్ కెమెరాతోనే. అది ఎక్కడుందో, ఎటు చూస్తోందో ప్రతి క్షణం కచ్చితంగా తెలియాలి. కిలోమీటరు దూరం నుంచి ఒక్క డిగ్రీ తప్పినా గీత దాదాపు 17 మీటర్లు జరిగిపోతుంది.

అయితే నడిసముద్రంలో సాగే పోటీల వెంట హెలికాప్టర్ అంత దూరం వెళ్లలేదు. ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే వాందే గ్లోబ్ పోటీలో నావికులే తమను తాము చిత్రీకరించుకుని, ఉపగ్రహం ద్వారా వీడియోలు పంపుతారు.